వైజాగ్‌లో రోజూ జేబులో పెట్టుకోడానికి ఏ చాకు కొనాలి

మొన్న మా మేనల్లుడు ఒక చాకు ఫొటో పంపించాడు. నల్లటి బ్లేడు, మొన ఉలిలాగా ఏటవాలుగా కోసి ఉంది, పిడి మీద పుర్రె బొమ్మ, కింద "మావయ్యా ఇది తీసుకోమంటావా, ఆఫర్‌లో ఉంది" అని మెసేజ్. వాడు చేసేది మధురవాడ వైపు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే పని, కేబుల్ టైలు కొయ్యాలి, అట్టపెట్టెలు విప్పాలి, వైరు మీద తొడుగు తియ్యాలి, మధ్యాహ్నం ఎక్కడో మెట్ల మీద కూచుని ఒక జామకాయ కోసుకుని తినాలి, అంతే. దీనికి పుర్రె దేనికిరా అంటే నవ్వే బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. వాడి వయసులో నేనూ అలాంటిదే కొన్నాను కాబట్టి గట్టిగా తిట్టే మొహం నాకు లేదులెండి.

నేను సీసీటీవీలు బిగిస్తా, పద్నాలుగేళ్ళుగా ఇదే పని, స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ ఏదో ఒక చాకు ఉంటుంది. అప్పట్లో కొన్నది లాక్ పడే పెద్ద చాకు, బొటనవేలితో తోస్తే టక్కుమని తెరుచుకునేది, ఆ శబ్దం కోసమే కొన్నానేమో అనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. ఒక రాత్రి పదకొండింటికి పని ముగించుకుని వస్తుంటే ఊరి చివర బళ్ళు ఆపి చెక్ చేస్తున్నారు, డిక్కీ తియ్యమన్నారు, తీశా. డ్రిల్ మిషన్ పక్కకి పెట్టి, వైర్ల చుట్ట పక్కకి పెట్టి, ఆ కానిస్టేబుల్ గారు సరిగ్గా దాన్నే బయటికి తీసి వీధి దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏంటి బాబూ ఇది?" "వైర్లు కోసుకోడానికండి, కెమెరాలు బిగిస్తానండి." "వైర్లకి ఇంత కత్తా?" నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆయన అడిగింది నిజమే, వైరుకి అంత కత్తి అక్కర్లేదు. డ్రిల్లు, క్రింపింగ్ ప్లయరు, కంపెనీ కార్డు చూపించాక వదిలేశారు, చాకు మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. పోతే పోయిందిలే అనుకున్నా. ఆ ఒక్క ప్రశ్న మాత్రం తలలో ఉండిపోయింది, అప్పట్నుంచి ఏ చాకు చూసినా ముందు అదే అనుకుంటా: రాత్రి పదకొండింటికి ఇది ఎవరైనా చేతిలోకి తీసుకుని "ఇదేంటి" అంటే ఒక్క ముక్కలో చెప్పగలనా. చెప్పగలిగితే కొంటా, లేకపోతే లేదు.

ముందు చట్టం సంగతి చూద్దాం, మనోళ్ళలో సగం మంది "మన దగ్గర చాకులకి రూలేం లేదు" అంటారు, మిగతా సగం "ఏది పెట్టుకున్నా కేసే" అంటారు, రెండూ తప్పే. దీనికి మూలం 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు. ఆయుధం అంటే దాడికి గానీ ఆత్మరక్షణకి గానీ తయారుచేసింది అని చట్టం చెప్తుంది, పదునైన అంచు ఉన్నవి కూడా అందులోకే వస్తాయి, కానీ కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని బయట పెట్టింది. అందుకే పూర్ణా మార్కెట్‌లో కత్తిపీట కొని సంచిలో వేసుకొస్తే లైసెన్స్ ఏదని ఎవరూ అడగరు. నిబంధనల పట్టికలో కత్తుల్ని ఆయుధాల కింద రాసిన లెక్క ఏంటంటే బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు గానీ 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉండటం, మళ్ళీ అందులోనూ ఇంటికి, పొలానికి, సైన్సుకి, ఫ్యాక్టరీ పనికి చేసినవి మినహా. ఇది చదివి "అయితే ఎనిమిదిన్నర అంగుళాలది పెట్టుకోవచ్చన్నమాట" అనుకునేవాళ్ళుంటారు, దయచేసి అనుకోకండి. ఢిల్లీనే చూడండి, అక్కడ 1980లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం బటన్ నొక్కితే తెరుచుకునేవి, స్ప్రింగువి, కిర్రుకిర్రుమని పళ్ళ మీద తెరుచుకునే గరారీ కత్తులు, అలాంటి ఏర్పాటు ఉన్నవి 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు నుంచే పట్టుకుంటారు. అంటే మూడు అంగుళాలు! అదే చట్టం, ఊరు మారితే గీత ఎక్కడో ఉంటుంది. ఇవి కాక ఎన్నికలప్పుడో గొడవలప్పుడో నిషేధాజ్ఞలు పెడతారు, పాత 144 సెక్షనే, ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163 అయింది, ఆ రోజుల్లో ఆయుధంలా కనిపించేది ఏదైనా ఇంట్లో పెట్టి రావాల్సిందే.

ఇంకోటి, చాలా మంది చేసే తప్పు ఇది, ఎవరైనా అడిగితే "సేఫ్టీ కోసం సార్" అనడం. చట్టం ఆయుధానికి ఇచ్చిన అర్థంలోనే ఆత్మరక్షణ అన్న మాట ఉంది, అంటే మన నోటితో మనమే ఇది ఆయుధం అని ఒప్పుకున్నట్టు. అది సాకుగా చెప్పడమే కాదు, నిజంగా దానికోసమే కొందామనుకుంటున్నా మానేయండి, భయం వేస్తే 112కి ఫోన్ చెయ్యండి, చాకు తీసినవాడి చేతిలోంచి చాకు లాక్కోవడం అవతలివాడికి ఎంతసేపు.

వస్తువు ఒకటే అయినా చోటు బట్టి కథ మారిపోతుందని చెప్పడానికి మన ఫిషింగ్ హార్బర్ చాలు. తెల్లారగట్ల ఐదింటికి వెళ్ళండి, ప్రతి బోటు దగ్గరా ఎవరో ఒకరి చేతిలో జానెడు కత్తి ఉంటుంది, తాడు కోస్తారు, వలలో చిక్కు తీస్తారు, చేప కోస్తారు, దాన్ని ఎవరూ తిరిగి చూడరు కూడా. అదే కత్తి రాత్రి బీచ్ రోడ్డులో ప్యాంటు జేబులోంచి పిడి కనిపిస్తే? కాబట్టి "ఇది లీగలా" అనే ప్రశ్న చాకుని ఒక్కదాన్నే చూసి అడిగితే సగం ప్రశ్నే, ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఇంకేం సామాన్లున్నాయి అన్నది మిగతా సగం.

సరే, ఇక ఏది కొనాలో చూద్దాం.

అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా అనుమానం తక్కువ, మనం విరగ్గొట్టుకుంటూ వాడే బ్లేడు కట్టర్. దీన్ని తక్కువగా చూడకండి. 1956లో జపాన్‌లో ఓల్ఫా వాళ్ళు కనిపెట్టింది, చాక్లెట్ ముక్కల్లా గీతల దగ్గర విరిగే బ్లేడు, మొద్దుబారితే ఒక ముక్క టక్కున విరిచేస్తే మళ్ళీ కొత్త పదును. సాన పట్టే బాధ లేదు. 9 మిల్లీమీటర్లది, 18 మిల్లీమీటర్లది అని రెండు సైజులు ఎక్కువ దొరుకుతాయి, జేబుకి 9 చాలు, అట్టపెట్టెలు రోజూ పదుల్లో విప్పేవాళ్ళకి 18 తీసుకోండి, సన్నది అట్టలో వంకర పోతుంది. చోద్యం ఏంటంటే 18 మిల్లీమీటర్లంటే 1.8 సెంటీమీటర్లు, ఢిల్లీ వాళ్ళ వెడల్పు లెక్కని దాటేసింది, అయినా ఫ్యాన్సీ షాపులో పెన్సిళ్ళ పక్కన వేలాడుతూ ఉంటుంది, చూడగానే ఎవరికైనా పనిముట్టే అనిపిస్తుంది. దీని లోపం తిండి దగ్గర బయటపడుతుంది, ఆ బ్లేడుకి పూసిన నూనె, అట్ట దుమ్ము, టేపు జిగురు అన్నీ జామకాయకి అంటుకుంటాయి, ఒకసారి తిని చూడండి తెలుస్తుంది. విరిచిన ముక్కలు ఎక్కడపడితే అక్కడ పారెయ్యకుండా ఒక చిన్న డబ్బాలో వేసుకోండి, కస్టమర్ ఇంట్లో పాకే పిల్లలుంటారు.

దాని తర్వాత స్విస్ చాకులు, అంటే విక్టోరినాక్స్. రోడ్డు పక్కన ఎర్ర పిడితో సిలువ గుర్తు వేసి అమ్మేవన్నీ అవి కావు, నకిలీ దాని కత్తెర రెండు దారాలు కోసేసరికి వదులైపోతుంది. అసలుదానిలో చిన్నది క్లాసిక్, మూసినప్పుడు 58 మిల్లీమీటర్లు, 21 గ్రాములు, చిన్న బ్లేడు, కత్తెర, గోళ్ళ ఆకురాయి, పళ్ళపుల్ల, పట్టకారు. ఇంటి తాళాలకి తగిలిస్తే ఉన్నట్టే తెలీదు. దీని మీద నాకున్న ప్రేమంతా ఆ కత్తెర మీదే, పదిలో ఏడు పనులు బ్లేడు అక్కర్లేకుండా దానితోనే అయిపోతాయి: షాంపూ ప్యాకెట్, మందుల స్ట్రిప్, చొక్కా దారం, పార్సెల్ కవరు. ఆఫీసులో ఉద్యోగం చేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు, హ్యాండ్‌బ్యాగ్‌లో ఏదైనా ఉండాలనుకునే మా చెల్లెలి లాంటివాళ్ళు ఇంతకు మించి పైకి చూడక్కర్లేదు. నిజానికి మన చిన్నప్పుడు నెయిల్ కట్టర్ లోపల మడతపెట్టి ఒక చిన్న చాకు ఉండేది గుర్తుందా, దాని పని కూడా ఇదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టిన తర్వాత కరెంటు లేని రోజుల్లో మా వీధిలో టార్పాలిన్ తాళ్ళు కోసింది మా నాన్న నెయిల్ కట్టర్‌లోని ఆ ముక్కతోనే, కొడవలి పక్కింటి పెంకుల కింద ఉండిపోయింది. పదిహేను నిమిషాలు పట్టింది ఒక్కో తాడుకి, కోసింది మాత్రం కోసింది.

చేతితో పని చేసేవాడికి క్లాసిక్ బ్లేడు బొమ్మలా ఉంటుంది, వాళ్ళకి ఇంకో మెట్టు పైన స్పార్టన్, 91 మిల్లీమీటర్ల సైజు, పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, స్క్రూడ్రైవర్లు, ఓపెనర్లు. లేకపోతే అల్యూమినియం పిడి ఉన్న కేడెట్, 84 మిల్లీమీటర్లది, సన్నగా ఉంటుంది, జేబులో అస్సలు బరువు తెలీదు. నేను మేనల్లుడికి చెప్పింది స్పార్టన్. ఎందుకంటే తెరవగానే ఓపెనరూ, కార్క్ తీసే మెలిక పుల్లా కనిపిస్తాయి, అది చూసి ఎవరూ జడుసుకోరు, చేతిలోకి తీసుకున్నవాడు కూడా ఒక్కో ముక్కా బయటికి లాగి ఆడుకోవడం మొదలుపెడతాడు. వైన్ సీసా తెరిచే పుల్లతో మనకేం పని అనుకుంటారు గానీ బిగుసుకుపోయిన కేబుల్ ముడి విప్పడానికి అంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

ఇక్కడ లాక్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఈ స్విస్ చాకుల్లో చాలావాటికి లాక్ ఉండదు, లోపల స్ప్రింగు పట్టి బ్లేడుని ఆపుతుంది అంతే, వెనక నుంచి గట్టిగా ఒత్తితే మడతపడిపోతుంది. లాక్ ఉన్నవాళ్ళు దీన్ని వెక్కిరిస్తారు, వేళ్ళు తెగుతాయి అంటారు. అంచుని మన వైపో పక్కకో లాగి కోస్తున్నంతసేపూ బ్లేడు తెరిచి ఉండే వైపే ఒత్తిడి పడుతుంది, ఏమీ అవదు. పొడిచినప్పుడు, గుచ్చి మెలితిప్పినప్పుడు మాత్రమే మడతపడే ప్రమాదం. ప్లాస్టిక్ బాక్స్‌కి చిల్లు పెట్టాలంటే చాకుతో గుచ్చకండి, డ్రిల్లో సూదో వాడండి. అంటే లాక్ లేకపోవడం మనకి పని సరిగ్గా చేసే అలవాటు నేర్పుతుంది, పోలీసుల కళ్ళకి కూడా అది తక్కువ కత్తి. ఇంకో లాభం కూడా ఉంది, బయట దేశం వెళ్ళే పిల్లలకి. మా బావ కొడుకు చదువుకి లండన్ వెళ్తుంటే వాళ్ళ నాన్న లాక్ చాకు ఒకటి సూట్‌కేసులో పెట్టబోయాడు, ఆపాను. అక్కడ మడతపడేది, లాక్ లేనిది, పదును అంచు 3 అంగుళాలు మించనిది అయితేనే కారణం అడక్కుండా వదిలేస్తారు, లాక్ ఉంటే ఎంత చిన్నదైనా సరైన కారణం చూపించాల్సిందే. ఈ రూళ్ళ గొడవ ఎంతవరకు వచ్చిందంటే 2024లో విక్టోరినాక్స్ కంపెనీయే అసలు బ్లేడు లేని పనిముట్లు తయారుచేస్తున్నామని చెప్పింది.

లాక్ చాకులు పూర్తిగా వద్దనను. వ్యవసాయం, తోట పని, అరకు వైపు క్యాంపింగ్, పడవల మీద పని, ఇలాంటివాటికి గట్టి లాక్ ఉన్నది మంచిదే, కానీ అది పనితో పాటు వెళ్ళి పనితో పాటు ఇంటికి రావాలి, సాయంత్రం సినిమాకి కూడా అదే జేబులో వచ్చిందంటే అక్కడే తేడా. కొనేటప్పుడు రంగుకైనా కాస్త విలువివ్వండి, కంచు రంగో ఆరెంజో చెక్క పిడో ఉన్నది తీసుకోండి, నల్లది, రంపం పళ్ళది, పుర్రెది కాదు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి, సీతాకోకచిలుకలా రెండు పిడులు తిప్పేవి, రాంపురి అని అమ్మే పెద్ద మడత కత్తులు, వీటి గురించి పోలిక రాయను, కొనకండి.

ఓపినెల్ అని ఫ్రాన్స్ చాకు ఒకటి ఉంది, 1890 నుంచి చేస్తున్నారు, బీచ్ అనే చెట్టు చెక్కతో పిడి, మెడ దగ్గర తిప్పే రింగ్ లాక్. చూడటానికి వంటింటి చాకులా అమాయకంగా ఉంటుంది, సన్నటి బ్లేడు, పండు కోస్తే వెన్నలా దిగుతుంది, అందం విషయంలో దీన్ని మించింది లేదు. 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, కాస్త ఎక్కువే, 6వ నంబరు 7 సెంటీమీటర్లు, జేబుకి అదే సరి. రింగ్ ఉంది కాబట్టి ఇది కూడా లాక్ చాకే అన్నది మర్చిపోవద్దు. దీనితో అసలు గొడవ మన ఊరి గాలితో. వానాకాలం రాగానే ఆ చెక్క ఉబ్బి బ్లేడుని పట్టేసుకుంటుంది, నాది జులైలో ఒకసారి అస్సలు తెరుచుకోలేదు, గోడకి పిడి తట్టి తట్టి తీశా. కొన్న వెంటనే పిడి మడత సందులో నూనె పట్టించి రెండు రోజులు ఆరబెడితే కొంత తగ్గుతుంది.

గాలి అన్నాను కదా, వైజాగ్‌లో చాకు కొనేవాడు చట్టం తర్వాత చూడాల్సింది ఇదే, ఉప్పు. హైదరాబాద్ వాళ్ళు రాసే సలహాలు చదివి ఇక్కడ కొంటే దెబ్బతింటారు. పోలీసుల దగ్గర ఉండిపోయిన నా చాకు డీ2 స్టీలు, పదును నిలబడుతుంది అని అందరూ మెచ్చుకునేది, అందులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది కదా తుప్పు పట్టదు అనుకున్నా. కానీ కార్బన్ కూడా ఒకటిన్నర శాతం ఉంటుంది, ఆ కార్బన్ క్రోమియంలో చాలా భాగాన్ని తనలో కలిపేసుకుంటుంది, తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. నెల తిరక్కుండా డిక్కీలోనే నారింజ చుక్కలు. కార్బన్ స్టీలు అయితే ఇంకా తొందర, పచ్చి మామిడికాయ కోస్తే కళ్ళ ముందే నల్లబడుతుంది, ఇంట్లో కత్తిపీట సంగతి మనకి తెలిసిందేగా, రాత్రి తుడవకుండా వదిలేస్తే పొద్దున్న అమ్మ తిట్లు. కాబట్టి బీచ్ దగ్గర, పోర్టు వైపు, లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి రోడ్డు ఎక్కడున్నా స్టెయిన్‌లెస్ తీసుకోండి. విక్టోరినాక్స్ స్టీలు మెత్తనిదే, తొందరగా మొద్దుబారుతుంది, కానీ తుప్పు పట్టదు, మొద్దుబారితే కాఫీ కప్పు తిరగేసి అడుగున గరుకుగా ఉండే రింగు మీద ఒక పది సార్లు రాస్తే పని నడిచిపోతుంది. ఓపినెల్ కావాలంటే ఇనాక్స్, అంటే స్టెయిన్‌లెస్, అని రాసున్నది చూసి తీసుకోండి, కార్బన్ అని రాసున్నది ఇక్కడ పెంపుడు జంతువు లాంటిది, రోజూ చూసుకోవాలి. ఏదైనా సరే మడత కీలు దగ్గర ఉప్పు చేరుతుంది, నెలకోసారి మంచి నీళ్ళతో కడిగి, గుడ్డతో ఆరబెట్టి, ఒక చుక్క కొబ్బరినూనె.

ప్లయర్లతో ఉండే మల్టీటూల్ గురించి ఒక్క మాటే, లెదర్‌మన్ లాంటివి, నా పనికి బాగా కలిసొచ్చేవే, కానీ బరువు, ధర, పైగా నా సంచిలో ఎలాగూ ప్లయర్ ఉంటుంది. సంచి మొయ్యని వాళ్ళకి మంచి బేరం.

ఇంక ఏది కొన్నా కొన్ని చోట్లకి ఏదీ పట్టుకెళ్ళకండి. ఎయిర్‌పోర్టులో చేతి సంచిలో అస్సలు వద్దు, తాళాలకి తగిలించిన చిన్నది కూడా తీసేస్తారు, చెక్-ఇన్ లగేజీలో వేసెయ్యాలి, నాకు తెలిసినవాళ్ళు ఎంతమంది అలా పోగొట్టుకున్నారో. స్టీల్ ప్లాంట్ గేటు, పోర్టు, కోర్టు, మాల్, సినిమా హాలు, చందనోత్సవం రోజు సింహాచలం కొండ, నేవీ విన్యాసాలప్పుడు ఆర్కే బీచ్, ఇక్కడ స్కేలు తీసి 58 మిల్లీమీటర్లేనండి అని చెప్పుకునే అవకాశం ఎవరూ ఇవ్వరు. ప్లాంటులో పని ఉన్న రోజు నేను సామాన్ల లిస్టులో కట్టర్ పేరు రాయించి లోపలికి తీసుకెళ్తా, చాకు ఇంట్లో పెట్టి.

ఇప్పుడు నా దగ్గర ఉన్నవి చెప్తా: డిక్కీలో టూల్ బాక్సు లోపల, జేబులో కాదు, ఒక 18 మిల్లీమీటర్ల కట్టర్, విడి బ్లేడ్ల డబ్బా. తాళాలకి క్లాసిక్, ఎర్రది, గీతలు పడి వెలిసిపోయింది. అన్నం డబ్బా సంచిలో ఓపినెల్ ఇనాక్స్ 6వ నంబరు, ఓ గుడ్డలో చుట్టి, అది పండ్లకి మాత్రమే, దాన్ని వైరు మీద పెడితే నాకే బాధ. మేనల్లుడు నిన్న స్పార్టన్ ఆర్డర్ పెట్టానని మెసేజ్ చేశాడు, కింద మళ్ళీ, "మావయ్యా దీనికి పుర్రె స్టిక్కర్ అంటించుకోవచ్చా?"